శుక్రవారం అని మైకులో చెప్పాను

1988 ఆగస్టు 3, బుధవారం

ఇవాళ్టి మాటలు. కాన్వాయ్: కాపలాతో వరసగా వెళ్ళే బళ్ళు. మ్యూల్: కంచరగాడిద. సార్జంట్: నిఘంటువు ఏదో చెప్పింది గాని నాకు ఎక్కలేదు. మన హెడ్ కానిస్టేబులు లాంటివాడని నేనే ఖాయం చేసుకున్నాను.

సొంత వాక్యం: గంగులు జీపు, దాని వెనక మా అల్లుడి జీపు, దాని వెనక సోడాబండి, పెద్ద కాన్వాయ్‌గా బస్టాండు దాటాయి.

సొంత వాక్యం రాయమన్నది మిస్సమ్మగారు. మిషను బంగళా ఖాళీ చేసి తన దేశం వెళ్ళిపోయేముందు నాకు రెండు పుస్తకాలిచ్చింది. ఒకటి ఇంగ్లీషు నిఘంటువు, తెలుగు అర్థాలతో. రెండోది బర్మా యుద్ధంలో లారీ నడిపిన ఒక దొర రాసుకున్న సొంత కథ. అట్టనీ మొదటి పేజీలనీ చెదలు తినేశాయి కాబట్టి ఆయన పేరేమిటో ఆ చెదలకే తెలియాలి. నేను సార్జంటు దొర అంటున్నాను. "ప్రేమరాజూ, అర్థం రాసుకున్నంత మాత్రాన మాట నీదైపోదు. నీ సొంత పనికి వాడుకున్ననాడే నీది" అంది మిస్సమ్మగారు. అప్పుడు నర్సీపట్నం నుంచి చింతపల్లి వెళ్ళే బస్సులో నేను కండక్టర్ని. తీరిక లేదు. ఇప్పుడు రిటైరయ్యాను, మా ఆవిడ సువర్ణమ్మ ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయింది, కూతురింట్లో ఉంటున్నాను. తీరిక తప్ప మరేమీ లేదు.

ఇదంతా ఎవరికి చెబుతున్నానో! కండక్టరు జబ్బు ఇదే. ఎదురుగా ఎవరూ లేకపోయినా నోరు ఊరుకోదు.

నిన్న మా గుడిలో మంగళవారం ప్రార్థన కూడికలో మైకు నాకిచ్చారు. మా సంఘంలో ప్రయాణం వెళ్ళేవాళ్ళ కోసం ప్రార్థన చేస్తే ఊరికే "కాపాడు తండ్రీ" అని వదిలెయ్యం. పేరు, రోజు, వేళ, దారి, అన్నీ చెప్పాలి. చెప్పకపోతే సగం ప్రార్థనే అని మా అమ్మ నాటి నుంచీ నమ్మకం. దేవుడికి తెలియదని కాదు, మనకెంత పట్టింపు ఉందో ఆయన వినాలి కదా. ఇక నా సంగతి. జీవితమంతా టిక్కెట్లు కొట్టినవాణ్ణి, ఒక్క స్టాపు వదిలిపెట్టను. "ప్రభువా, లక్ష్మివారం పొద్దున్నే చింతపల్లి వెళ్తున్న మా అల్లుడు దయాసాగర్ని డౌనూరు దగ్గర కాపాడు, ఘాటీ మొదటి మలుపులో కాపాడు, రెండో కల్వర్టు మీద కాపాడు" అంటూ లంబసింగి దాకా ఎక్కించాను. గుడి కొబ్బరిచెట్టుకి కట్టిన లౌడుస్పీకరు హారన్ సంత వీధి దాకా వినిపిస్తుంది. పాస్టరు క్రీస్తురాజుగారు ఆమెన్ అన్నాక నా చెయ్యి పట్టుకుని, "మీ ప్రార్థన వింటే టిక్కెట్టు లేకుండా కొండెక్కినట్టుంటదండీ" అన్నారు. తరవాత చెవిలో, లక్ష్మివారం అనకండి, గురువారం అనండి అన్నారు. నోటికి అలవాటైన వారం ఎలా మారుతుంది?

ఆగస్టు 11, గురువారం

రిక్విజిషన్: సర్కారు తనకు కావలసిన వస్తువును అడగకుండా తీసుకోవడం.

దీనికి సొంత వాక్యం నేను వెతుక్కోనక్కర్లేదు. దయాసాగర్ వాకిట్లోంచే తెచ్చాడు.

"జీపు అట్టుకెల్పోతారంట మావయ్యా."

"ఎవరు?"

"కొత్తగా దిగిన పోలీసు క్యాంపోళ్ళు. ఆళ్ళ వేనుల్లో ఎల్తే అడివిలో ఉన్నోళ్ళకి దూరం నుంచే తెలిసిపోతందంట. మా లాటోళ్ళ జీపులైతే సంత జనం అనీసి వొదిలెత్తారంట. తోలడం కూడా నేనే తోలాల. కాదంటే లైసెన్సు ఉండదన్నారు."

అడవిలో ఉన్నవాళ్ళు అంటే తుపాకులు పట్టుకుని తిరుగుతున్న దళం. పోలీసు బళ్ళ కోసం రోడ్డు కింద మందుపాతర పెడుతున్నారని ఈ మధ్య ఊరంతా అదే మాట.

మా అమ్మాయి కరుణకుమారి కూర తరుగుతూ తల ఎత్తలేదు. "బాగుందయ్యా తెలివి. పోలీసులు సంత జనం జీపులెక్కితే, రేపు సంత జనం జీపెక్కినప్పుడు ఆళ్ళని పోలీసులనుకోరా?" అంది.

అచ్చం తల్లి నోరు. ప్రతిదానికీ ఒక ఎదురు ప్రశ్న. నేను లోపలికొచ్చి ఇది రాసుకుంటున్నాను.

ఆగస్టు 14, ఆదివారం

జోగులు వచ్చాడు. లంబసింగి అవతల కొండమీది ఊరు వాడిది. నా సర్వీసు రోజుల్లో విస్తళ్ళు కుట్టే అడ్డాకుల మోపు బస్సు టాపు మీద, తను ఫుట్‌బోర్డు మీద. లోపల సీటున్నా కూర్చునేవాడు కాదు, మోపు పడిపోతే ఎవరు చూస్తారనేవాడు. ఇప్పటికీ ఆకులు అమ్మడానికి దిగినప్పుడల్లా నా అరుగు మీద కూర్చుని సార్జంటు దొర కథ వినిపోతాడు. నా ఇంగ్లీషుకి నర్సీపట్నంలో ఉన్న ఏకైక శ్రోత.

"ఏటి కండట్రుబాబూ, మీ దొర ఇంకా ఆ ఏరు దాటనేదేటి?"

దాటించాను. వరదలో వైర్‌లెస్ పెట్టె మోస్తున్న కంచరగాడిద కొట్టుకుపోయిందనీ, దొర ఒడ్డున కూర్చుని ఏడ్చాడనీ, తీరా మర్నాడు అవతలి క్యాంపుకి చేరితే ఆ గాడిద అక్కడే నిలబడి కెప్టెన్ టోపీ నములుతోందనీ చెప్పాను. అసలు పుస్తకంలో ఇది అరపేజీ. నా నోట పూట పట్టింది. మధ్యలో డౌనూరు వాగులో మా బస్సు ఆగిన సంగతి, అందులో పెళ్ళికొడుకు ఉన్న సంగతి, ఆ పెళ్ళికొడుకు ఈత సంగతి వచ్చాయి మరి. జోగులు నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకున్నాడు.

"టోపీ తినీసిందేటి! మాయావిడ రాజులమ్మకి సెప్తాను. మరి ఆ దొర ఇంటికెల్లేడా?"

"ఇంకా చదవలేదురా. చివరి అధ్యాయం మిగిలుంది."

"సదివి ఉంచండి. నాకే ముందు సెప్పాల. ఇంకెవులికీ సెప్పీకండి."

మాట ఇచ్చాను.

ఆగస్టు 18, గురువారం

ఆంబుష్: పొంచి ఉండి మీద పడటం. సొంత వాక్యం తరవాత.

దయాసాగర్ ఇవాళ పోలీసులతో చింతపల్లి వెళ్ళాడు. రెండో కల్వర్టు దగ్గర రోడ్డుకడ్డంగా చెట్టు. గాలికి పడింది కాదు, గొడ్డలి దెబ్బలు పచ్చిగా ఉన్నాయట. దిగి తోస్తుంటే పైనుంచి తుపాకులు పేలాయి. ఒక కానిస్టేబులు చేతికి తగిలింది. మావాడికి అద్దం పగిలిన గాజుముక్కలు మెడ మీద.

కరుణ పట్టకారుతో తీస్తూ ప్రభువుకి స్తోత్రం చెబుతూనే ఉంది. "మంగళారం నువ్వు రెండో కల్వర్టు పేరెట్టి మరీ ప్రార్థన చేసేవు గదా నాన్నా, అందుకే బతికేడు" అంది.

అవును, పేరు పెట్టి చేశాను.

ఆగస్టు 21

గాలీ వానా. ఏమీ చదవలేదు.

సెప్టెంబరు 1, గురువారం

మళ్ళీ. ఈసారి ఘాటీ మొదటి మలుపులో తీగ. జీపు ముందు నడుస్తున్న కానిస్టేబులు కాలికి తగిలింది కాబట్టి సరిపోయింది. రోడ్డు కింద తవ్వి పెట్టిన డబ్బా ఎంతదో మావాడు చేతులు చాపి చూపించబోయి మధ్యలో దించేశాడు.

అన్నం ముందు కూర్చున్నాడు, కలపలేదు.

"ఆళ్ళకి ముందే తెలుసు మావయ్యా. మేం లక్ష్మివారం వస్తామనీ తెలుసు, పొద్దున్నే వస్తామనీ తెలుసు, నా జీపే అనీ తెలుసు."

"ఎలా తెలుస్తుంది నాయనా?"

"ఎవుడో సెప్తన్నాడు."

"ఎవరు?"

"క్యాంపోళ్ళు కూడా అదే అడుగుతున్నారు. సోడాబండి మనిషిని తీసుకెల్లేరు ఇయ్యాల. బస్టాండులో ఉంటాడు గదా, ఆడే సూసి సెప్తన్నాడని."

సోడాబండి మనిషి నాకు ఇరవయ్యేళ్ళుగా తెలుసు. తన సోడా రేటే తిన్నగా చెప్పలేడు.

సెప్టెంబరు 3, శనివారం

ఇవాళ మాటలు రాయను. చదివింది రాస్తాను.

సార్జంటు దొర క్యాంపులో ఒక పాద్రీ ఉన్నాడు. మంచి గొంతు, మంచి మనసు. ఆదివారం ఆరుబయట ఆరాధన. చుట్టూ వంటవాళ్ళు, చాకళ్ళు, పండ్లమ్మేవాళ్ళు, అందరూ ఆ ఊరివాళ్ళే. పాద్రీ ప్రార్థన చేశాడు: రేపు తెల్లారేసరికి ఏరు దాటబోతున్న మూడో ప్లటూను కుర్రాళ్ళను కాపాడు తండ్రీ అని, ఒక్కొక్కడి పేరూ చెప్పి. రేవు పేరు కూడా చెప్పాడు. తెల్లారేసరికి అవతలి ఒడ్డున శత్రువు కాచుకుని ఉన్నాడు. తిరిగొచ్చినవాళ్ళు తక్కువ.

దాని కింద దొర రాసిన మాట నిఘంటువు లేకుండానే అర్థమైంది. ప్రార్థనలో మేమందరం కళ్ళు మూసుకున్నాం, చెవులు తెరుచుకున్నవాళ్ళు వేరే ఉన్నారు, అని.

పుస్తకం మూసి అరుగు మీదికొచ్చాను. ఎదురుగా గుడి కొబ్బరిచెట్టు మీద హారన్. దాని మూతి సంత వీధి వైపు.

సెప్టెంబరు 4, ఆదివారం

అది బర్మా. ఇది నర్సీపట్నం. అది జపానువాళ్ళతో యుద్ధం. ఇక్కడ మంగళవారం కూడిక విని కొండెక్కి చెప్పే తీరిక ఎవరికుంది? నా ప్రార్థన వినలేక మా వాళ్ళే మధ్యలో దగ్గుతారు.

అంతా నా పిచ్చి.

సెప్టెంబరు 5

ఆగస్టులో చెట్టు పడింది రెండో కల్వర్టు దగ్గర. ఆ మంగళవారం నేను చెప్పింది రెండో కల్వర్టు. తీగ దొరికింది మొదటి మలుపులో. అంతకు ముందు మంగళవారం వాన పడుతోందని తొందరగా ముగించాను. మొదటి మలుపు దాకానే చెప్పాను.

సెప్టెంబరు 6, మంగళవారం

గొంతు బాగా లేదన్నాను. నా బదులు పాస్టరుగారు మైకు పుచ్చుకుని, "లక్ష్మివారం... గురువారం" అని మొదలుపెట్టారు. అంతలో కరెంటు పోయింది. అందరూ అయ్యో అన్నారు. నాకు ఊపిరొచ్చింది.

సెప్టెంబరు 8, గురువారం

దయాసాగర్ వెళ్ళాడు, వచ్చాడు. దారిలో ఏమీ లేదు. కొండ మీద సీతాఫలాలు తెచ్చాడు. పిల్లలు తింటున్నారు.

ఏమీ లేదు. అంటే.

సెప్టెంబరు 10

సోడాబండి బస్టాండులో ఇంకా కనబడలేదు. దాని ఇనప చక్రాల చప్పుడు లేక వీధి బోసిగా ఉంది.

ఎస్సైగారి దగ్గరికి వెళ్ళి ఉన్నది చెప్పెయ్యాలని చొక్కా తొడుక్కున్నాను. ఏమని చెప్పను? అయ్యా, అడవిలోవాళ్ళకి కబురు చేరేది మా గుడి మైకులోంచి అంటే, ముందు పాస్టరుగారిని తీసుకెళ్తారు. తరవాత సంత వీధిలో చెవులున్న ప్రతి మనిషినీ. చొక్కా విప్పేశాను.

సెప్టెంబరు 15, గురువారం

మొన్న మంగళవారం కూడికే లేదు, పాస్టరుగారు పాయకరావుపేట వెళ్ళారు. ఇవాళ మావాడు క్షేమంగా తిరిగొచ్చాడు. మైకు మోగకపోతే కొండ నిద్రపోతోంది.

ఈ మాట కరుణతో అనాలి. అనాలంటే ముందు ఇంకో మాట అనాలి: అమ్మా, నీ మొగుడి మెడలో గాజుముక్కలు దించినవాణ్ణి నేనే. రెండుసార్లు వంటింటి గుమ్మం దాకా వెళ్ళాను. రెండుసార్లూ కాఫీ అడిగి వచ్చేశాను.

సెప్టెంబరు 17, శనివారం

ఫెయింట్: ఒకచోట కొడతానని చూపించి శత్రువును అటు లాగి, మరొక చోటునుంచి పని కానివ్వడం.

దొర క్యాంపులో ఆ పాద్రీ చచ్చిపోలేదు. ఆయన్ని నిందించకుండా కల్నల్ పిలిచి కూర్చోబెట్టి, వచ్చే ఆదివారం తప్పుడు రేవు పేరుతో ప్రార్థన చెయ్యమన్నాడు. పాద్రీ ఒక రాత్రి ఏడ్చి, చేశాడు. శత్రువు అటు పోయాడు. ప్లటూను ఇటు దాటింది. ఒక్కడికీ గోరు ఊడలేదు.

ఎంత తెలివి! చదువుతూ పైకే నవ్వాను. కరుణ వచ్చి ఏమయింది నాన్నా అంది.

సొంత వాక్యం ఇంకా రాయలేదు.

సెప్టెంబరు 20, మంగళవారం

మధ్యాహ్నం కరుణతో పెద్ద రభస.

"ఆయనకోసం ప్రార్థన సేసి ఎన్నాళ్ళయింది నాన్నా? ఊళ్ళో అందరి అల్లుళ్ళకీ సేత్తావు. నా మొగుడి పేరే నీ గొంతుకి అడ్డమొస్తందా?"

"ఇంట్లో చేస్తున్నానమ్మా."

"ఇంట్లో సేస్తే సంఘం ఆమెన్ అంటాదా? లక్ష్మివారం మళ్ళీ ఎల్తన్నాడు. ఈసారి చింతపల్లి దాటి గూడెం దాకా ఎల్లాలంట. నీకు గొంతు నేకపోతే మైకు నాకియ్యి, నేను సెప్తాను. రోజూ దారీ నాకూ తెలుసు."

ఆ పిల్ల మైకు పుచ్చుకుంటే లక్ష్మివారం అంటుంది. లంబసింగి దారి అంటుంది. మొగుడి మీద ప్రేమకొద్దీ కల్వర్టులు కూడా చెబుతుంది.

"వద్దు. నేనే చేస్తాను" అన్నాను.

చేశాను. నా గొంతు ఇంత బాగా ఎప్పుడూ పలకలేదు. "ప్రభువా, ఈ శుక్రవారం పొద్దున్నే లంబసింగి మీదుగా వెళ్తున్న దయాసాగర్ని" అన్నాను. డౌనూరు, మొదటి మలుపు, రెండో కల్వర్టు, ఏదీ వదల్లేదు. అందరూ ఆమెన్ అన్నారు. కరుణ కళ్ళు తుడుచుకుంది. శుక్రవారం అన్నది ఆ కన్నీళ్ళలో వినలేదు.

లక్ష్మివారం వాళ్ళు కొండమీద పడుకుంటారు, మావాడు వెళ్ళి వచ్చేస్తాడు. శుక్రవారం వాళ్ళు కాచుకుంటారు, ఎవరూ రారు. సాయంత్రానికి విసుగెత్తి పోతారు.

ఫెయింట్. సొంత వాక్యం రాయలేదు. వాడాను. మిస్సమ్మగారు మెచ్చుకునేది.

సెప్టెంబరు 22, గురువారం

పొద్దున. వెళ్ళాడు.

సాయంత్రం. వచ్చాడు. గూడెం దాకా రోడ్డంతా నున్నగా ఉందట. కరుణ పాయసం వండింది. నేను రెండుసార్లు వేయించుకున్నాను. రెండోసారి గిన్నె చేతిలో ఉండగా జోగులు వాకిట్లోకి వచ్చాడు.

మామూలుగా కూర్చోలేదు. రాజులమ్మకి జ్వరం, వారం నుంచీ లేవలేదు, మందుల కోసం దిగాడు. ఆకుల మోపు మా అరుగు మీద పడేశాడు, మళ్ళీ వచ్చినప్పుడు అమ్ముకుంటానని.

"పొద్దున్నే జీపుకి ఎల్పోతాను బాబూ. గంగులు జీపు తీత్తాడంట."

రేపు శుక్రవారం.

పాయసం గిన్నె కింద పెట్టేశాను. అప్పుడు గుర్తొచ్చింది కరుణ అన్న మాట, సంత జనాన్ని పోలీసులనుకోరా అని కూర తరుగుతూ అన్నది. ఇన్నాళ్ళూ ఆ రోడ్డు మీద జనాన్ని ఎక్కించీ దించీ బతికినవాణ్ణి. శుక్రవారం ఎవరూ రారని ఎలా అనుకున్నాను? నా లెక్కలో మా అల్లుడొక్కడే ఉన్నాడు.

"రేపొద్దురా జోగులూ. శనివారం వెళ్ళు."

"ఎందుకూ?"

"వాన."

వాడు ఆకాశంకేసి చూశాడు. నక్షత్రాలు పొడుస్తున్నాయి.

"అయితే బస్సుకి వెళ్ళు. బస్సు జోలికి ఎవరూ రారు."

"అదెప్పుడొస్తాదో ఆ సెడిపోయిన బస్సు. ఆవిడ ఒక్కర్తీ ఉంది బాబూ. బేగి ఎల్లాల." గుమ్మం దిగుతూ ఆగాడు. "దొర ఇంటికెల్లేడా?"

చదవలేదన్నాను. చదివాను, దొర ఇంటికి వెళ్ళాడు. చెబితే ఇంకో పూట కూర్చునేవాడేమో. అప్పుడు తోచలేదు.

సెప్టెంబరు 23, శుక్రవారం

ఉదయం. జీపు స్టాండు నుంచి వచ్చి రాస్తున్నాను.

బస్సు రాలేదు. బ్రేకు పోయిందట. గంగులు జీపు చుట్టూ పదిమంది. జోగులు ముందే వచ్చి ఉప్పు మూటా మందుల సంచీ ఒళ్ళో పెట్టుకున్నాడు. గంగులు నన్ను చూసి, "ఏటండీ కండట్రుగారూ, రైట్ రైట్ సెప్పడానికొచ్చేరా?" అన్నాడు.

నిజం చెప్పాలి. నోరు తెరిచాను. స్టాండులో ఇద్దరు క్యాంపు పోలీసులు టీ తాగుతున్నారు. సోడాబండి ఉండే చోటు ఖాళీగా ఉంది. నా నోట్లోంచి వచ్చింది ఇది: "అది కాదర్రా, బర్మాలో ఒక దొరకి ఒక కంచరగాడిద ఉండేది."

నాకు తెలిసిన ఆయుధం అదొక్కటే. వదలకుండా చెప్పాను. వరద పెంచాను, ఏరు వెడల్పు చేశాను. డౌనూరు వాగులో పెళ్ళికొడుకుని మళ్ళీ ముంచాను. జనం మూగారు. గంగులు తాళంచెవి వేలికి తిప్పుకుంటూ ఇంజను ఆపేశాడు. ఒకావిడ జీపు దిగి ముందుకొచ్చి నిలబడింది. ఎండ ఎక్కుతోంది. ఇలా మధ్యాహ్నం దాకా లాగితే అడవిలోవాళ్ళు లేచిపోతారు. లాగగలను. పూటలు పూటలు లాగినవాణ్ణి. గాడిదని నీళ్ళలో మునకలేయిస్తూ, దొరచేత ఒడ్డున మోకాళ్ళేయించి ప్రార్థన చేయిస్తున్నాను.

జీపులోంచి జోగులు అరిచాడు. "ఆ గాడిద సావదర్రా! అవతల గట్టుకెల్పోయి టోపీ తింతాది. నాకీ కథ తెలుసు. రండి రండి, ఎక్కండి బేగి, మాయావిడకి జ్వరం."

అందరూ గొల్లున నవ్వారు. కథ అయిపోయింది. దిగినావిడ ఎక్కేసింది.

వెనక తలుపు పట్టుకున్నాను. "గంగులూ, టైరులో గాలి లేదురా" అన్నాను. గంగులు దిగి టైరుని తన్ని చూశాడు. "రాయిలాగుందండీ" అన్నాడు. అప్పుడైనా చెప్పాల్సింది. పోలీసులు వింటే విన్నారు. ఇప్పుడు రాస్తున్న ఈ నాలుగు మాటలే చెప్పాల్సింది. జోగులు నా వేళ్ళు తలుపు మీదనుంచి మెల్లగా విడదీసి, చిన్నపిల్లాడికి చెప్పినట్టు, "మళ్ళీ వొస్తాను గదా బాబూ, దొర సంగతి అప్పుడు సెప్పండి" అన్నాడు.

జీపు కదిలింది.

పది గంటలు. కబురు లేదు. లేకపోవడం మంచిదే.

డౌనూరు దాటి ఉంటారు.

ఆ మైకుకీ ఆ తీగకీ సంబంధం ఉందని నాకెవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. చెదలు తిన్న పుస్తకం చెప్పింది.

మధ్యాహ్నం. పోలీసు బళ్ళు కొండవైపు వెళ్ళాయి. వరసగా. ఆ మాట రాయను.

సెప్టెంబరు 25, ఆదివారం

రెండో కల్వర్టు. మందుపాతర. గంగులు, జోగులు, దిగి మళ్ళీ ఎక్కిన ఆవిడ, ఇంకా ఇద్దరు. మిగతావాళ్ళు పెద్దాసుపత్రిలో.

దయాసాగర్ వెళ్ళి చూసొచ్చాడు. ఉప్పు రోడ్డంతా చల్లినట్టు పడి ఉందట. మందుల సంచి చెక్కు చెదరలేదు, గట్టున పొదల్లో దొరికింది. తెచ్చి అడ్డాకుల మోపు మీద పెట్టాడు.

గుడి నుంచి వస్తుంటే అడిగాడు, నెమ్మదిగానే. "మావయ్యా, మంగళారం మైకులో మీరు శుక్రారం అన్నారంట. పాస్టరుగారంటన్నారు. నేనెల్లింది లక్ష్మివారం గదా?"

నేను నోరు తెరిచేలోపు కరుణ అందుకుంది. "పెద్దోరయ్యేరు. రోజు మర్సిపోయేరు, అదేటి తప్పా? దేవుడికి తెలీదేటి ఏ రోజో? ఆయన సరైన రోజే కాపాడేడు." నా చెయ్యి పట్టుకుంది. "నీ ప్రార్థనే నాన్నా ఈయన్ని నిలబెట్టింది. వచ్చే ఆదివారం నువ్వు సాక్ష్యం సెప్పాల."

"అవునమ్మా, మర్చిపోయాను" అన్నాను.

సెప్టెంబరు 27, మంగళవారం

కరెంటు ఉంది. మైకు పనిచేస్తోంది.

శుక్రవారం పోయినవాళ్ళ కోసం ప్రార్థన చెయ్యమని పాస్టరుగారు నన్నే పిలిచారు. లేచాను. అందరూ కళ్ళు మూసుకున్నారు. నేను మూసుకోలేదు. గోడ అవతల సంత వీధిలో టీ బల్ల మీద ఇద్దరు, సైకిలు ఆపి నిలబడ్డవాడొకడు, ఆకులు కుట్టుకుంటున్న ఆడమనిషి ఒకతె. అందరి మొహాలూ హారన్ వైపే. వాళ్ళలో ఒకడో, ఎవరూ కారో. వినడం వాళ్ళ తప్పు కాదు.

"ప్రభువా, నీకు తెలుసు" అన్నాను. అక్కడితో ఆపేశాను. పేరు చెప్పలేదు, ఊరు చెప్పలేదు, దారి చెప్పలేదు. మైకు కూతపెట్టింది. పాస్టరుగారు అందుకుని ఆమెన్ అన్నారు. ముసలాయనకి దుఃఖం వచ్చిందని అందరూ అనుకున్నారు.

ఇంటికొచ్చి మందుల సంచి తీసుకున్నాను. రాజులమ్మకి ఇవ్వాలి. ఆవిడకి మొగుడు పోయిన కబురు ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. ఎందుకు పోయాడో చెప్పగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే.

బట్టలు సర్దుతుంటే కరుణ వంటింట్లోంచి కేకేసింది. "నాన్నా, కొండకెల్తావంట, ఏ రోజు? పాస్టరుగారితో సెప్పి ప్రార్థన పెట్టిస్తాను."

"ఎల్లుండి" అన్నాను.

అనాలని అనలేదు. దానంతటదే వచ్చింది. నేను వెళ్ళేది రేపు, మొదటి బస్సుకి. తెలిసే నోరు ఎల్లుండి అంది. ఫెయింట్ అన్న మాట నిజంగానే నాదైపోయింది.

సంచి పట్టుకుని అలాగే నిలబడ్డాను. ఎల్లుండి ఆ దారిని ఎవరెవరు వెళ్తారో ఒక్కొక్కరూ కళ్ళముందు ఎక్కుతున్నారు. సంతకి దిగేవాళ్ళు, ఆసుపత్రికి వచ్చేవాళ్ళు, చంకలో పిల్లలతో తల్లులు. జీవితమంతా చూసిన మొహాలే.

వంటింట్లోకి వెళ్ళాను. ఈసారి కాఫీ అడగలేదు.

"ఎల్లుండి కాదమ్మా, రేపే. మైకులో మాత్రం చెప్పించకు. ఎవరి ప్రయాణమూ, ఇంకెప్పుడూ."

"ఎందుకు నాన్నా?" అంది.

పొయ్యి మీద గిన్నె దింపమన్నాను. పీట వేసి కూర్చోమన్నాను. దయాసాగర్ని కూడా పిలిచాను. ఆగస్టు నుంచి మొదలుపెట్టి, ఏ కథలోకీ పక్కకి పోకుండా, ఒక్క స్టాపు వదిలిపెట్టకుండా చెప్పాను.